స్పార్క్ లేని కారులో దివిసీమకి

గుడివాడ

గుడివాడ నుంచి దివిసీమ చివర సముద్రం దాకా వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మామూలుగా వెళ్తే మూడు గంటల దారి. మాకు రెండు రోజులు పట్టింది. తిరిగొచ్చాక హైదరాబాదులో ఎవరడిగినా కారు చెడిపోయిందని మాత్రమే చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, అంతా చెప్పడం కూడా కాదు. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం, వెళ్ళినా కారు అద్దంలోంచి చేలు చూసి వచ్చేసినవాళ్ళ కోసం మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫిజిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. మా తమ్ముడు రవి గుడివాడలో ఎరువుల దుకాణం నడిపేవాడు. మొన్న జనవరిలో దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. భార్య నాంచారమ్మ మిగిలింది. అందరం ఆమెను నాంచారి అంటాం.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కర్మకాండ అయిపోయాక ఆ ఇంటి మనిషిని దగ్గరివాళ్ళు తమ ఇంటికి తీసుకెళ్ళి రాత్రి పడుకోబెడతారు. నిద్ర చేయించడం అంటారు దాన్ని. భర్త పోయిన ఆడమనిషికి మొదటి నిద్ర పుట్టింట్లోనే. ఆ పుట్టింటివాళ్ళే వచ్చి వెంటబెట్టుకుని వెళ్ళాలి, నెల తిరక్కుండా వెళ్ళాలి, పొద్దు వాలకముందే గుమ్మం ఎక్కాలి. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటువాళ్ళకు ఈ మాటే తెలియదు. నేను కూడా ఇలాంటివి విని నవ్వేదాన్ని. కానీ నాంచారి రోజూ మధ్యాహ్నం నుంచి వీధి గేటు వైపే చూస్తూ కూర్చోవడం చూశాక నవ్వు రాలేదు. గేటు దగ్గరకు ఎవరూ రాలేదు. నెల తిరగడానికి మూడు రోజులే మిగిలాయి.

వాళ్ళు రాకపోవడానికి కారణం నేను. నాంచారిది సముద్రం ఒడ్డు ఊరు. చేపలు పట్టి అమ్ముకునే కుటుంబం. బందరు కాలేజీలో చదువుకునే రోజుల్లో రవీ ఆమే ఇష్టపడ్డారు, కొన్నేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆమె తల్లి తిరుపతమ్మ గారు మొదటిసారి గుడివాడలో మా ఇంటికి వచ్చారు. తలమీద తాటాకు బుట్ట, అందులో అల్లుడి కోసం పండుగప్ప చేపలు. ఇల్లంతా మా చుట్టాలున్నారు. నేను గుమ్మంలో నిలబడి, "ఆ బుట్ట గేటు బయట పెట్టండి, ఇల్లంతా వాసనొస్తుంది" అన్నాను. మేమేం శాకాహారులం కాదు. ప్రతి ఆదివారం మా పొయ్యిమీద చేపల పులుసు ఉడికేది. నా అభ్యంతరం చేపల మీద కాదు, వాటిని తలమీద మోసుకొచ్చిన మనిషి మీద. ఇప్పుడు ఇలా రాయడం తేలికగానే ఉంది. ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆమె బుట్ట దించలేదు. అలాగే తిరిగి బస్టాండుకు వెళ్ళిపోయారు. నా వెనకే నిలబడ్డ నాంచారి నోరెత్తలేదు. తర్వాత కబురొచ్చింది: తన బుట్ట దిగని ఇంటి నుంచి తన గుమ్మానికి ఎవరూ రానక్కర్లేదు, కూతురైనా సరే. రవి పోయిన రోజున ఆమె వచ్చారు. గేటు లోపలికి మాత్రం అడుగుపెట్టలేదు. రోడ్డుకి అవతల కరెంటు స్తంభం పక్కన నిలబడి, శవం లేచాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

"మా అమ్మ రాదు వదినా," అంది నాంచారి. "నా అంతట నేను వెళ్తే రానిస్తదో రానివ్వదో."

"నేను తీసుకెళ్తాను పద," అన్నాను. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాల్సినదాన్ని ఆడపడుచు తీసుకెళ్ళి దింపడం ఏ పద్ధతిలోనూ లేదు. అయినా ఇంకో దారి తోచలేదు.

కారు రవిదే. అంతకు ముందు నాది. పద్నాలుగేళ్ళ పాత పెట్రోలు కారు, టర్బో ఉన్నది. గేరు మార్చి గట్టిగా తొక్కితే సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈలంటే నాకు మహా గర్వంగా ఉండేది. ఏడేళ్ళ కిందట కొత్తది కొనుక్కుని దీన్ని తమ్ముడికి ఇచ్చేశాను. తాళాలు చేతిలో పెడుతూ, "ఒక్కటే మాట. ఇందులో చేపలు ఎక్కించకు" అన్నాను. వాడు నవ్వి, "అలాగే అక్కా" అన్నాడు.

గుడ్లవల్లేరు

పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. నాంచారి ముందు సీట్లో, ఒళ్ళో చిన్న సంచితో కూర్చుంది. సంచిలో ఒక చీర, ఒక తువ్వాలు. వరి కోతలైపోయిన చేలల్లో మినుము పచ్చగా ఉంది. కాలవ పక్కనే రోడ్డు. గుడ్లవల్లేరు ఇంకా రాకముందే కారు ఆగిపోయింది. దగ్గలేదు, వణకలేదు. ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఇంజను ఒక్కసారిగా ఆగింది.

తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. పెట్రోలు సగం టాంకు ఉంది. బ్యాటరీ బాగానే ఉంది. ఇండక్షన్ కాయిల్ బొమ్మ బోర్డు మీద గీసి ముప్పై ఏళ్ళ పాటు పాఠం చెప్పిన మనిషిని. బానెట్ ఎత్తి చూస్తే కాయిల్ ఏదో, ఏది కాదో నాకు అర్థం కాలేదు. అన్నిటి మీదా నల్ల ప్లాస్టిక్ మూతలు. మళ్ళీ దించేశాను.

రోడ్డు వార గోనెపట్టా మీద ఒక ముసలావిడ తేగలు అమ్ముతోంది. కాల్చిన తేగల కట్ట ఇరవై రూపాయలు. "ఎక్కడికమ్మా?" అని అడగబోయింది. నాంచారి నుదురు చూసి ఆ మాట మధ్యలోనే ఆపేసింది. కట్టలో ఇంకో రెండు తేగలు దూర్చి, "నీడలో కూసోండి, మా శ్రీనుకి ఫోను చేయిస్తా" అంది. హైదరాబాదులో నా కారు ఆగితే వెనకవాళ్ళు హారన్లు కొడతారు. అక్కడ అరగంటలో ఆరుగురు ఆగి అడిగారు.

శ్రీను ముప్పై ఏళ్ళ మెకానిక్. బైకు స్టాండు వేస్తూనే, "టర్బో బండాండీ? ఐతే అదే దీని రోగం" అన్నాడు. ఆ మాట ఆ రోజు ఇంకో నలుగురి నోట విన్నాను. కారుకి ఏమొచ్చినా పాపం టర్బోదేనని అందరికీ ముందే తెలుసు. టర్బో పని ఇంజనులోకి గాలి ఎక్కువగా తోయడమే, నిప్పు పుట్టించడం దాని పని కాదని నేను పాఠం మొదలుపెట్టాను. అతను ఓపిగ్గా విని, ఒక ప్లగ్గు ఊడదీసి, ఇంజను ఇనుముకి ఆనించి, "తాళం తిప్పండి మేడం" అన్నాడు. తిప్పాను. ప్లగ్గు కొసన నీలం చుక్క మెరవాలి. మెరవలేదు.

"స్పార్కు లేదండి."

నాలుగు ప్లగ్గులూ చూశాడు. దేనిలోనూ లేదు. కొత్తవి పెట్టి చూశాడు, అదే సంగతి. కాయిళ్ళు మార్చమంటే తెప్పిస్తానన్నాడు. తర్వాత తనే తల అడ్డంగా ఊపాడు. "తెలీకుండా సామాన్లు మార్చడం నాకిష్టం లేదండి. బందరులో దానియేలు గారని కరెంటు పనాయన ఉన్నారు. నాకు పని నేర్పింది ఆయనే. ట్రాలీకి తాడేసి అక్కడ దింపిస్తా."

మరి ఈ రోజుకి ఊరు చేరడం ఎలా అని అడిగితే, చల్లపల్లి వైపు బస్సులున్నాయన్నాడు. నాంచారి వైపు చూశాను.

"కారులోనే వెళ్దాం వదినా," అంది. "ఆయన కారులో వెళ్తేనన్నా మా అమ్మ తలుపు తీసుద్దేమో."

బందరు

ట్రాలీ వెనక తాడుతో లాగించుకుంటూ బందరు చేరేసరికి మూడు దాటింది. దానియేలు గారి షెడ్డు, ఇల్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆయనకు అరవై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. కారు వచ్చి పావుగంటయినా ఆయన దాని మీద చెయ్యి వేయలేదు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు.

"సతాయించి ఆగిందాండీ, ఒక్కసారిగా ఆగిందా?"

"ఒక్కసారిగా."

"అంతకుముందు వానలో తడిసిందా? ఎలక దూరిందా? కడిగించారా?"

"ఏమీ లేదండి. నెల రోజులుగా షెడ్డులోనే ఉంది."

"ఐతే కాయిళ్ళు కావండి. నాలుగూ ఒకే క్షణంలో చావవు. నాలుగింటికీ అన్నం పెట్టే చెయ్యి ఒకటుంటది. అది ఆగింది."

తర్వాతే లేచారు. నా చేత తాళం తిప్పించి మీటరు బోర్డు చూశారు. ఇంజను తిరిగేటప్పుడు దాని చుట్ల లెక్క చూపించే ముల్లు కొంచెం కదిలింది. "చుట్లు లెక్కపెట్టే సెన్సారు బతికే ఉంది," అన్నారు. వెనక సీటు దగ్గర చెవి పెట్టి, పెట్రోలు పంపు మోగుతోందన్నారు. ఫ్యూజులు చూశారు. ఆ తర్వాత చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంపు తీసుకుని కాయిల్ దగ్గర పెట్టారు. తాళం ఆన్ చేసి ఉంటే అది వెలగాలి. వెలగలేదు. నాలుగు కాయిళ్ళ దగ్గరా వెలగలేదు. కాయిళ్ళకు కరెంటు చేరడం లేదు. నేను పాఠాల్లో ఎన్నడూ చెప్పనంత స్పష్టంగా ఆ ఆరిపోయిన బల్బు చెప్పింది.

ఫ్యూజు పెట్టె నుంచి వైరు ఎటు వెళ్తోందో వెతుకుతూ ఆయన ఆగిపోయారు. "ఈ వైరు ఇంజను వైపు పోవాల. లోపలికి పోతంది. ఎవరో దారి మళ్ళించారు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. హైదరాబాదుకి మావారికి ఫోను చేశాను. పక్కింటివాళ్ళ కారు పోయినప్పుడు, దొంగలు ఎత్తుకుపోకుండా మన కారుకి ఏదో రహస్యం స్విచ్ పెట్టించారు కదా, ఎక్కడ పెట్టించారని అడిగాను.

"అది ఇంకా ఉందా?" అన్నారు మావారు. ఎక్కడ పెట్టించారో ఆయనకు గుర్తులేదు. నెల రోజులు వాడి, మరిచిపోయి, ఆన్‌లోనే వదిలేశారట.

దానియేలు గారు టెస్ట్ లాంపు చుట్టేశారు. అయిదున్నర కావస్తోంది. "ఇంక రేపు చూద్దామండి. పొద్దుగూకాక నేను వైర్లు విప్పను. లైటు వెలుతుర్లో ఎరుపు గోధుమరంగులా కనపడద్ది. ఒకసారి అట్టాగే నమ్మి ఒకాయన బండి తగలబెట్టినంత పని చేశా." బతిమాలాను. నెల తిరగడం గురించి చెప్పాను. ఆయన నాంచారి వైపు చూసి కళ్ళద్దాలు తీశారు గానీ మాట మార్చలేదు.

ఆయన భార్య శాంతమ్మ గారు రిటైరైన నర్సు. మమ్మల్ని లాడ్జికి వెళ్ళనివ్వలేదు. "ఇలాంటప్పుడు ఈ పిల్లని లాడ్జిలో పడేస్తారాండీ?" అన్నారు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. అన్నం ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకున్నారు, అందులో రవి పేరు కూడా చెప్పారు. వంకాయ కూర, టమాటా చారు. నేను ఆకలిగా తిన్నాను. నాంచారి రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

పక్కలు వేస్తుంటే నాంచారి శాంతమ్మ గారితో నెమ్మదిగా అంది: "ఏమనుకోకండి పిన్నిగారూ. మొదటి నిద్ర మా అమ్మ దగ్గరే. అప్పటిదాకా ఇంకో ఇంట్లో పడుకోను."

అంతా మూఢత్వం, ఆరోగ్యం పాడవుతుంది, రెండు గంటలైనా పడుకో అని నేను లెక్చరిచ్చాను. శాంతమ్మ గారు మాత్రం పక్క తీసేసి వరండాలోకి రెండు కుర్చీలు లాగారు. నేను వెళ్ళి పడుకున్నాను. ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

తెల్లారి లేచి వచ్చేసరికి ఇద్దరూ ఆ కుర్చీల్లోనే ఉన్నారు. మధ్యలో స్టూలు మీద ఖాళీ టీ గ్లాసులు. "మీరు కూడా పడుకోలేదా?" అన్నాను. "ముప్పై ఏళ్ళు నైట్ డ్యూటీలు చేసినదాన్నండి. నాకిదో లెక్కా?" అని శాంతమ్మ గారు ఇడ్లీ పిండి తీయడానికి లోపలికి వెళ్ళారు. ఆమెకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. ఆ పిల్ల మాట నిలబెట్టడానికి కూర్చున్నారు. నాకు సిగ్గేసింది.

బందరు, రెండో రోజు

ఎండ షెడ్డులోకి వచ్చాక దానియేలు గారు పని మొదలుపెట్టారు. ముందు తలుపు కింద తివాచీ లేపారు. అసలు వైర్ల పక్కనే నల్లటేపు చుట్టిన రెండు వైర్లు వెనక్కి వెళ్తున్నాయి. వెనక సీటు విప్పారు. వైర్లు ఇంకా వెనక్కే వెళ్ళాయి. డిక్కీ తెరిచి, తివాచీ పక్కకి లాగి, స్టెప్నీ టైరు ఉండే గుంత మూత ఎత్తారు.

చేపల వాసన గుప్పుమంది.

గుంతలో టైరు లేదు. అడుగంతా తెల్లటి ఉప్పు పొర, దాని మీద ఎండిపోయిన చేప పొలుసులు. ఒక మూల మావారి రహస్యం స్విచ్ తాలూకు వైర్ల జాయింటు. దాని టేపు ఊడిపోయి, లోపలి రాగి తీగ ఆకుపచ్చ పొడి అయిపోయి ఉంది. దానియేలు గారు వేలితో తాకితే రాలిపోయింది.

"ఇది ఒక రోజు పని కాదండి. ఐసు కరిగిన నీళ్ళు. ఏళ్ళ తరబడి కారతన్నాయి. చెరువు చేపైతే ఇట్టా తినదు. సముద్రం చేప, ఉప్పు."

ఒక్కటే మాట, ఇందులో చేపలు ఎక్కించకు. రవి అలాగే అక్కా అన్నాడు. అని, నేను ఎప్పుడొచ్చి డిక్కీ తెరిచినా కనపడకుండా టైరు తీసి ఇంట్లో పెట్టి, ఆ గుంతలో దాచి తెచ్చాడు. సీట్ల మీద పెట్టుకుని దర్జాగా తెచ్చుకుని ఉంటే ఆ వైరుకి ఏమీ అయ్యేది కాదు.

గుంత అంచున అణిగిపోయిన చిన్న తాటాకు బుట్ట ఉంది. నాంచారి చెయ్యి చాపి తీసుకుంది. అంచు చుట్టూ ఎర్ర నైలాను దారంతో కుట్టి ఉంది. ఆ దారాన్ని బొటనవేలితో తడిమింది.

"ఇది మా అమ్మ కుట్టు," అంది. "వల దారంతో అంచు కట్టుద్ది. ఊళ్ళో ఇంకెవరూ కట్టరు."

నెలకో ఆదివారం రవి సముద్రం చేపలు తెచ్చేవాడట. బందరు మార్కెట్లో కొన్నానని చెప్పేవాడట, బుట్ట మాత్రం ఎప్పుడూ ఇంట్లోకి తేలేదట. "మార్కెట్లో బుట్టలో ఎవరిస్తారమ్మా," అన్నారు దానియేలు గారు. "నల్ల కవర్లో ఇస్తారు."

"నీకు అనుమానం రాలేదా?" అని అడిగాను.

"తల కోసిన తీరు చూస్తే మా అమ్మ కోసినట్టే ఉండేది. అడిగితే కాదంటాడేమోనని అడగలేదు వదినా."

నాకు ఏడుపొచ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా నలుగురిలో అంతగా ఏడవలేదు.

దానియేలు గారు స్విచ్ పీకేసి, వైరుని మళ్ళీ అసలు దారిలో కలిపారు. కాయిల్ దగ్గర టెస్ట్ లాంపు వెలిగింది. తాళం తిప్పేముందు ఒక క్షణం తల వంచి పెదవులు కదిపారు. కారు మొదటి తిప్పుకే అంటుకుంది. ఉప్పు ఇంకా మిగిలితే కింద ఇనుము కూడా తినేస్తుంది, మంచినీళ్ళతో కడగాలన్నారు. నీళ్ళ గొట్టం తీసుకోబోతుంటే నాంచారి ఆయన చేతిలోంచి అందుకుంది. ఆ గుంతను తనే కడిగింది. నేను టైము చూసుకుంటూనే ఉన్నాను గానీ తొందరపెట్టలేదు.

చల్లపల్లి

చల్లపల్లిలో టీ కోసం ఆగాం. పక్కన ఒక పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి, టర్బో బండి జాగ్రత్త సుమండీ అని హెచ్చరించి వెళ్ళాడు. నాంచారి నెల రోజుల తర్వాత మొదటిసారి కొంచెం నవ్వింది.

రెండు రోజులుగా గొంతులో ఉన్న మాట అక్కడ చెప్పాను. "ఆ రోజు నేనన్న మాట వల్ల ఇంత జరిగింది నాంచారీ. నన్ను క్షమించు."

ఆమె గ్లాసులోకి చూస్తూ ఉంది. "మీ మాటకి మా అమ్మ అంత బాధపడలేదు వదినా. నేను పక్కనే ఉండి నోరెత్తలేదు చూడండి, దానికి పడింది. ఇప్పుడు నేను వెళ్తే ఏమంటదో అదే నా భయం."

"బుట్టలు పంపింది కదా."

"అల్లుడికి పంపింది. నాకని అనలేదుగా."

టీ డబ్బులిచ్చి బయల్దేరదీశాను. అవనిగడ్డ మీదుగా కోడూరు దాటాం. వరి చేలు పోయి రొయ్యల చెరువులు, చెరువులు పోయి సర్వి తోటలు వచ్చాయి. గాలి ఉప్పగా మారింది. ఇరవై ఏళ్ళయినా, దారి చెప్పడానికి నాంచారికి తడుముకోవాల్సిన పని పడలేదు.

కరకట్ట చివర

ఊరు కరకట్ట దిగగానే ఉంది. మూడు గంటలైంది. కట్ట ఎక్కడానికి గేరు మార్చి తొక్కితే టర్బో ఈల వేసింది. కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఆ శబ్దానికి తలెత్తాడు. లేచి నిలబడి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "రవిబాబు కారు," అన్నాడు పక్కవాడితో. ఆ ఊరికి ఈ కారు నాకన్నా బాగా తెలుసు.

ఇంటి ముందు ఆపాను. రేకుల ఇల్లు, ముందు ఊడ్చిన ఇసక. తిరుపతమ్మ గారు బయటికి వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నాంచారి తలుపు తీయలేదు. సంచిని పొట్టకు ఆనించుకుని బిగుసుకుపోయి కూర్చుంది. తిరుపతమ్మ గారు కూతురు వైపు చూశారు, నా వైపు చూశారు, మమ్మల్ని దాటుకుని కారు వెనక్కి వెళ్ళి డిక్కీ మీద రెండుసార్లు తట్టారు.

నేను దిగి తెరిచాను. అలవాటైన చేతులతో ఆమె తివాచీ లాగి, మూత ఎత్తి, కడిగిన గుంతలోకి చూశారు.

"బుట్ట ఏదీ?"

నాంచారి ఒళ్ళోంచి తెచ్చి ఇచ్చాను. అణిగిన అంచుని చేత్తో సాపు చేస్తూ, "ఎప్పుడూ పాత బుట్ట తిరిగిచ్చి కొత్తది తీసుకెళ్ళేవాడు. ఈసారి రాలేదు" అన్నారు.

"మీరిచ్చినట్టు మాకు చెప్పలేదండి. నాంచారికి కూడా చెప్పలేదు."

"చెప్తే ఇంక ఇవ్వనన్నా." ఆమె గొంతు తగ్గింది. "తల ముక్క దానికిష్టం. తింటందా అని అడిగేదాన్ని. తింటంది అత్తా అనేవాడు."

కారు తలుపు తెరుచుకుంది. నాంచారి దిగి నిలబడింది. తిరుపతమ్మ గారు వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నారు.

"కళ్ళేంటి అట్టా ఉన్నాయి? రాత్రి పడుకోలేదా?"

నాంచారి తల అడ్డంగా ఊపింది.

"దా. పొద్దు వాలద్ది. కాళ్ళు కడుక్కో."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను కారు పక్కనే ఉండిపోయాను. ఇప్పుడు నేనే గేటు బయట ఉన్నాను. లోపలికి రమ్మని ఎవరూ అనకపోతే అలాగే వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను, ఆ రోజు ఆమె వెళ్ళినట్టే. కొంచెంసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చారు.

"తిరుపతమ్మ గారూ, ఆ రోజు నేను అన్నది తప్పు," అన్నాను. ఇంకా పెద్ద మాటలు అనుకుని వచ్చాను గానీ అవేవీ గుర్తు రాలేదు.

"ఇరవై ఏళ్ళు పోయాయి. ఆ మాట ఇప్పుడు నేనేం చేసుకోను?" అన్నారు. తర్వాత పక్కకి జరిగారు. "చెప్పులక్కడ ఇప్పండి. ఇల్లంతా ఇసకవుద్ది."

చెప్పులు విప్పి, ఇసక దులుపుకుని లోపలికి వెళ్ళాను. నాంచారి నులక మంచం మీద అప్పటికే నిద్రపోయింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది.

తిరుగుదారి

మూడు నిద్రలు చేయించాకే పంపుతానన్నారు తిరుపతమ్మ గారు. మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే బయల్దేరాను. ఆమె కొత్త బుట్ట తెచ్చారు. అంచుకి ఎర్ర దారం, లోపల ఐసు, తడిగుడ్డ, దాని కింద పండుగప్ప. నేను డిక్కీ తెరవబోయాను. కారు ఎందుకు ఆగిందో రాత్రే ఆమెకు చెప్పాను.

"వెనక వద్దు," అన్నారు. "మళ్ళీ వైరు తినేసుద్ది."

ముందు సీట్లో పెట్టి, ఒరిగిపోకుండా బెల్టు కట్టాను. బందరులో దానియేలు గారి ఇంటి ముందు ఆగి సగం చేపలు శాంతమ్మ గారికి ఇచ్చాను. గుడివాడ చేరేసరికి ఐసు కరిగి సీటంతా తడిసింది.

మా ఇంటి ముందు దిగి, బుట్ట రెండు చేతులతో పట్టుకుని గేటు తీశాను. నీళ్ళు చీర మీద కారుతున్నాయి. పక్కింటావిడ గోడ మీదుగా ఏంటండీ అది అని అడిగింది. మా తమ్ముడి అత్తగారు పంపిన చేపలని చెప్పి, వీధి గుమ్మంలోంచే లోపలికి తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద దించాను. సాయంత్రానికి ఇల్లంతా వాసన పట్టింది. కిటికీలు తీయలేదు.

ఖాళీ బుట్ట కడిగి, ఎండబెట్టి, కారు ముందు సీట్లో పెట్టాను. నాంచారిని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు తిరిగి ఇవ్వాలి.